పరీక్షలు లేని ఏడాది

మా అమ్మ పొదిగే కోడిని కూడా నమ్మేది కాదు. దాని కింద చెయ్యి పెట్టి గుడ్లు తడిమి చూస్తే గాని ఆవిడకు నిద్ర పట్టేది కాదు. నేను ఆవిడ కూతుర్ని. అందుకే ఆ ఏడాది స్కూల్లో హాన్లీ టీచరు తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి, ఈ ఏడంతా పిల్లలకు పరీక్షలు ఉండవనీ, తమను తాము తెలుసుకుంటారనీ, ప్రతి శుక్రవారం ఎక్కడో ఒకచోట పనికి వెళ్ళి లోకం చూస్తారనీ చెప్పినప్పుడు, నేను ఒక్క ప్రశ్నే అడిగాను.

"మరి శుక్రవారం మీరేం చేస్తారు టీచర్?"

అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు.

మా వైపు దాన్ని హైస్కూలు నాలుగో ఏడు అంటాం. మూడో ఏట ఒక పెద్ద పరీక్ష, ఆరో ఏట దాని తాతలాంటి పరీక్ష. మధ్యలో ఈ ఒక్క ఏడు పిల్లలు ఊపిరి పీల్చుకోవడానికి వదిలేశారు. నాకు నమ్మకం కుదరలేదు గాని, నోరు మూసుకున్నాను. మా అమ్మాయి ఒర్లా మూడో ఏటి పరీక్షల ముందు తిండి మానేసింది. గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కుంది. పరీక్షలు అయిపోయాక కూడా పిల్ల మళ్ళీ మనిషి కాలేదు. మెట్ల మీద నీడలా దిగేది, నీడలా ఎక్కేది. దానికి ఆ ఏడాది మీద ఒకటే ఆశ ఉండేది. బల్లినా ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గర శుక్రవారాలు పనిచేయడం. జూన్‌లోనే వెళ్ళి అడిగింది. ఆయన సరే అన్నాడు. ఆ రోజు రాత్రి భోజనంలో బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుంది.

ఆగస్టు చివర్లో జార్లత్ రొట్టె మీద వెన్న రాసుకుంటూ ఆ చోటు పోయిందన్నాడు. వాళ్ళకు వేరే పిల్ల దొరికిందట. ఒర్లా కంచం పక్కకు తోసి తన గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు అదే కుర్చీలో, అదే వెన్న రాసుకుంటూ జార్లత్ ఇంకో మాట అన్నాడు.

"పక్కనే బార్ట్లీ ఉన్నాడుగా. గొర్రెలున్నాయి. ముసలాడికి సాయం, దీనికి పని."

జార్లత్ నా మొగుడు. మంచివాడే. కానీ అంతవరకూ కూతురి చదువు గురించి ఆయన ఒక్క అభిప్రాయం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. టీచర్ల పేర్లు కూడా తెలియవు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి రాత్రికి రాత్రే ఒక ఆలోచన పుట్టుకొచ్చిందంటే, నేను దాన్ని ఊరికే పోనిచ్చేదాన్ని కాదు. మనసులో ఒక మూల దాచిపెట్టుకున్నాను. దాని పక్కనే అంతకుముందు దాచినది ఇంకొకటి ఉంది. ఆ నెల మొదట్లో ఆయన సంత నుంచి కొత్త ఇనుప గేటు ఒకటి తెచ్చి, కొట్టం వెనక నల్ల పట్టా కప్పి పడేశాడు. ఎక్కడ పెడతావని అడిగితే, ఎప్పటికైనా పనికొస్తుందన్నాడు. మా పొలంలో గేటు లేని సందు ఒక్కటీ లేదు.

బార్ట్లీ రువాన్‌ది మా పక్క పొలం. మధ్యలో రాతిగోడ. మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, ఎవరి ముత్తాతలో కట్టింది. అటువైపు నలభై ఎకరాలు పొడినేల, చెరువుదాకా ఏటవాలుగా పచ్చగడ్డి. ఇటువైపు మా పొలంలో రెల్లు తప్ప ఏదీ సంతోషంగా పెరగదు. సాయంత్రాలు జార్లత్ ఆ గోడ మీద మోచేతులు ఆనించి అటు చూస్తూ నిలబడేవాడు. సూర్యాస్తమయం చూస్తున్నాడనుకునేదాన్ని.

బార్ట్లీ పెళ్ళి చేసుకోలేదు. అక్క నాన్సీ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కాసల్‌బార్‌లో కార్లు అమ్మే మేనల్లుడు డెక్లన్ ఒక్కడే క్రిస్మస్‌కు బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడే మాట్లాడి వెళ్ళేవాడు. అలాంటి ముసలివాడు మా పిల్లను పనికి పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడంటే నాకు నచ్చలేదు. ఒంటరి మగాడు, పదహారేళ్ళ ఆడపిల్ల. నా ఆలోచనలు ఎటు పోయాయో వేరే చెప్పాలా?

మొదటి శుక్రవారాలన్నీ నేను వంటింటి కిటికీ దగ్గరే గడిపాను. తుడిచిన పళ్ళాన్నే తుడిచాను. ఒర్లా గోడ దూకి వెళ్ళేది కాదు. రాళ్ళు జారతాయని బార్ట్లీ దూకనిచ్చేవాడు కాదట. రోడ్డు మీదికి వెళ్ళి, చర్చి మలుపు తిరిగి, అటు నుంచి వెళ్ళాలి. సాయంత్రం అదే దారిలో పేడ కంపుతో, వాన నీళ్ళు కారుతూ వచ్చేది. వచ్చి తినేది. ఏమేం చేశావని అడిగితే, పని చేశాననేది.

అక్టోబరులో ఒకరోజు ఆగలేక సోడా రొట్టె ఒకటి కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే గుడ్డలో చుట్టి వెళ్ళాను. బార్ట్లీ రోడ్డు పక్క గేటు దగ్గరే కనిపించాడు. లోపలికి రమ్మనలేదు. గేటు మీద చెయ్యి వేసి, అది తెరుచుకుంటుందేమో అన్నట్టు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"మా పిల్లకి ఏం నేర్పుతున్నావ్ బార్ట్లీ?"

"రాళ్ళు పేర్చడం. ఇవ్వాళ గొర్రెల డెక్కలు కోయడం."

"బాగా చేస్తోందా?"

"చేస్తుంది. ప్రశ్నలు వేయదు. ఆ విషయంలో అది నీ పోలిక కాదు బ్రీజ్."

రొట్టె తీసుకున్నాడు. గుడ్డ తిరిగి ఇచ్చేశాడు. ఆయన భుజం మీద నుంచి చూస్తే, దూరంగా ఒర్లా ఒక గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని ఉంది. ఏదో పాడుతోంది కూడా. మా పిల్ల పాట విని ఏడాది దాటింది. ఇంటికి వచ్చేదారిలో ముసలివాడి మీద అనుమానం సగం తగ్గింది. మిగతా సగానికి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

నవంబరులో దానికి చోటు దొరికింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం గుడ్డలు తీయడానికి పెరట్లోకి వెళ్ళి చూస్తే, బార్ట్లీ, ఒర్లా గోడ వెంబడి నడుస్తున్నారు. ఆయన చేతికర్రతో చూపిస్తున్నాడు, ఇది తల ఊపుతోంది. గోడ పొడవునా నడిచారు, చెరువు దగ్గర తిరిగారు, అవతలి హద్దు వెంట పైకి వచ్చారు. మా వైపు పొలం ఉన్న ముసలివాడు ఒక పిల్లను వెంటబెట్టుకుని హద్దుల చుట్టూ నడిచాడంటే, దానికి ఒకటే అర్థం. మా మామగారు జార్లత్‌ను అలాగే నడిపించారు. ఆ మర్నాడే పొలం ఆయన పేరున రాయించడానికి ఊరికి వెళ్ళారు.

జార్లత్‌తో చెప్పాను. పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి.

"నడిస్తే నడిచాడు. మంచిదేగా."

ఆ సాయంత్రం ఆవులకు మేత వేస్తూ ఈల వేశాడు. పెళ్ళయ్యాక ఆయన ఈల వేయడం నేను వినడం అదే మొదటిసారి.

నేను చూసింది నేనొక్కదాన్నే చూశానా? కొండ మీద ఇళ్ళన్నిటికీ కిటికీలు ఉన్నాయి. జనవరిలో ఒక ఆదివారం చర్చి బయట డెక్లన్ భార్య ఇమెల్డా నా పక్కకు వచ్చింది. కాసల్‌బార్‌లో అన్ని చర్చిలు ఉండగా ఇంత దూరం వచ్చిందంటే, ఊరికే రారు మహానుభావులు అనుకున్నాను. ముందు వాన గురించి మాట్లాడింది. తర్వాత నవ్వుతూ పొడిచింది.

"మీ అమ్మాయి భలే చోటు చూసుకుంది. నలభై ఎకరాల స్కూలు ప్రాజెక్టు."

"మీవారిని కూడా పంపండి ఇమెల్డా. వచ్చే నెల గొర్రెలు ఈనతాయి. మోచేతిదాకా చెయ్యి పెట్టి పిల్లని తిప్పాలి, అంతే."

చుట్టుపక్కల వాళ్ళు దగ్గినట్టు నవ్వారు. మాట గెలిచాను గాని, ఊరు మమ్మల్ని ఏమనుకుంటోందో తెలిసిపోయింది. పిల్లను ఎర వేసి ముసలివాడి పొలానికి గాలం వేశామని. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నేను వెలిగించలేదు. మరి ఎవరు వెలిగించారు? బార్ట్లీ తనంతట తనే ఇస్తానన్నాడా? లేక మా పిల్లకే ఆశ పుట్టిందా? దానిమీద కూడా నాకు అనుమానం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ రాత్రి భోజనానికి ఇద్దరం బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం.

"బార్ట్లీ పొలం సంగతి ఏమైనా అన్నాడా?"

ఒర్లా చేతిలో కత్తి ఆగింది. "ఏం సంగతి?"

"ఏదో, ఊరికే."

"ఊరికే నువ్వేదీ అడగవు మమ్మీ."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. దేని కోసమో వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత ఆ దుంప పూర్తిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అప్పటిదాకా శుక్రవారాల గురించి పొడిపొడిగా చెప్పే ఆ రెండు మాటలు కూడా ఆ రోజు నుంచి మానేసింది. నా అనుమానం బలపడింది. దాస్తోందంటే దాచేది ఏదో ఉండే ఉంటుంది.

కానీ పిల్ల మారుతోంది. ఫిబ్రవరిలో గొర్రెలు ఈనడం మొదలయ్యాక, స్కూలు ఉన్న రోజుల్లో కూడా బ్యాగు పడేసి అటే పరిగెత్తేది. ఇంట్లో పాత తువ్వాళ్ళన్నీ ఒక్కొక్కటీ మాయమయ్యాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా పగిలాయి. గోళ్ళు మాత్రం పెరిగాయి. గొర్రెపిల్లలను పట్టేవాళ్ళకు అవి ఉండకూడదని తనే కత్తిరించుకునేది. కత్తిరించడానికి గోళ్ళు ఉన్నందుకు నేను బాత్రూంలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ ముసలివాడు తలుపు మూసేస్తే ఈ పిల్ల మళ్ళీ ఆ మెట్ల మీద నీడ అయిపోతుందని నాకు తెలుసు. ఆ ఏడాది నా భయం అంతా అదే. పొలం ఎవరికి పోతే నాకేం?

మార్చిలో ఫాదర్ టియర్నీ పూజ చివర ప్రకటనలు చదువుతూ, మా కొండ మీది ఇళ్ళకు ఈ వసంతకాలపు ఇంటిపూజ బార్ట్లీ రువాన్ గారింట అన్నాడు. చర్చిలో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఇంటిపూజ మాకు వంతులవారీగా వస్తుంది. ఫాదర్ ఇంటికొచ్చి వంటింటి బల్ల మీదే పూజ చేస్తాడు. చుట్టుపక్కల వాళ్ళంతా వస్తారు. తర్వాత అందరికీ ఫలహారం పెట్టాలి. వంతు వచ్చిన వాళ్ళు ఇల్లంతా రంగులు వేసుకుంటారు, ఎందుకంటే వచ్చిన వాళ్ళు దేవుడితో పాటు గోడల మూలలు కూడా చూస్తారు. నాన్సీ పోయాక బార్ట్లీ వంతు వచ్చినప్పుడల్లా దాటవేసి పక్కింటికి వెళ్ళేవాళ్ళం. ఈసారి ఆయనే ఫాదర్‌కు కబురు పెట్టాడట. ఎవరు ఒప్పించారో అడగక్కర్లేదు.

ఒర్లా తన క్లాసు పిల్లలు ముగ్గురిని తీసుకొచ్చింది. రంగులు వేశారు, చిమ్నీ దులిపారు. స్కూలు వాళ్ళు దాన్ని ఊరి సేవ కింద లెక్క కట్టారు. కిటికీలు తుడవడానికి నేనూ వెళ్ళాను. బార్ట్లీ తన ఇంటికి తనే చుట్టమైనట్టు వాకిట్లో నిలబడ్డాడు. లోపల తలుపు వెనక కొక్కేనికి నాన్సీ కోటు అలాగే వేలాడుతోంది. పిల్లలు దాని చుట్టూ ఉన్న గోడకు రంగు వేశారు గాని, దాన్ని కదపలేదు. పొయ్యి పక్కన రెండు కుర్చీలు ఉన్నాయి. ఒకదాని మీద కొత్త దిండు, పైన మేకుకు ఒర్లా కప్పు. మా ఇంట్లో నుంచి ఎప్పుడు వెళ్ళిందో నేను గమనించనే లేదు. ఆ కప్పును చూసి నాకు ఈర్ష్య కలిగింది. కిటికీ అద్దాన్ని అవసరం కంటే గట్టిగా తోమాను.

పూజకు ముందు రోజు ఫలహారానికి పంది మాంసం కొనడానికి బల్లినా వెళ్ళాను. మాంసం కొట్టులో పశువుల డాక్టరు భార్య మోనా నా ముందు నిలబడి ఉంది. ఒర్లా ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. మీకు వేరే పిల్ల దొరకడం మా మంచికే అయిందని కూడా అన్నాను, కొంచెం కారంగానే. మోనా అర్థం కానట్టు చూసింది.

"వేరే పిల్లా? ఒర్లా మనసు మార్చుకుందని జార్లతే కదా ఫోన్ చేశాడు. జూలైలో. మావారు చాలా బాధపడ్డారు, ఆ పిల్లకి మంచి చేతులున్నాయని."

కొట్టువాడు ఎంత కావాలని రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికి వచ్చి చూసుకుంటే పెళ్ళికి సరిపడా మాంసం ఉంది.

జూలైలో ఫోన్. ఆగస్టులో గేటు. ఆ తర్వాత వెన్న రాసుకుంటూ రెండు మాటలు. ఊళ్ళో అందరినీ అనుమానించాను. స్కూలును, ముసలివాడిని, చివరకు కన్నకూతుర్ని కూడా. ఎదురుగా కూర్చుని తిన్నవాడిని వదిలేశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

కారు వాకిట్లో ఆపేసరికి ఇనుము మీద సుత్తి చప్పుడు వినిపించింది. చప్పుడు వచ్చిన వైపు వెళ్ళాను. గోడలో మనిషి అటూఇటూ చేతులు చాపినంత ఖాళీ. రాళ్ళు రెండు పక్కలా కుప్పలుగా పడి ఉన్నాయి. ఆ ఖాళీలో కొత్త గేటు వేలాడుతోంది. జార్లత్ కీలుకు ఆఖరి దెబ్బ కొట్టి నడుం ఎత్తాడు.

"రేపు జనం అడ్డదారిన వెళ్ళొచ్చు కదా అని. అంత చుట్టు తిరిగి ఎవరొస్తారు?"

"బార్ట్లీని అడిగావా?"

"పూజ కోసమేగా. ఏమంటాడు?"

"పూజ సంగతి మార్చిలో తెలిసింది. గేటు ఆగస్టులో వచ్చింది."

కీలు బిగిసిందో లేదో అన్నట్టు గేటును అటూఇటూ ఊపి చూశాడు.

"ఇవ్వాళ మోనా కనిపించింది జార్లత్."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. నన్ను చూస్తూ కాదు, మా రెల్లు వైపు చూస్తూ.

"మా నాన్న ఈ బురదలోనే పోయాడు. నేనూ పోతాను. అదీ ఇందులోనే ఉండాలా బ్రీజ్? ఆ పొలం కార్లు అమ్మేవాడికి పోవాలా? పిల్లని పంపాను, దొంగతనానికి కాదుగా. పక్కన మనిషి తిరుగుతుంటే ముసలాడి మనసు కరగదా అనుకున్నా."

నాకు జాలి వేసింది. ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి వస్తాయని నాకు అంతవరకు తెలియదు. రేపు ఊరంతా ఆ గేటులోంచి నడిచి వెళుతుంది. ఒక్కొక్కరూ దాన్ని చేత్తో తోసి, ఏడాది కథంతా అర్థం చేసుకుంటారు. డెక్లన్ చూస్తాడు. బార్ట్లీ చూస్తాడు. మధ్యాహ్నానికి ఒర్లాకు ఆ ఇంటి తలుపు మూసుకుంటుంది, ఇక తెరుచుకోదు.

అప్పుడే ఒర్లా రోడ్డు మీద నుంచి లోపలికి వచ్చింది. జుట్టుకు తెల్లరంగు అంటుకుని ఉంది. గేటును చూసింది. వాళ్ళ నాన్నను చూసింది. చివరకు నన్ను చూసింది, ఆ రోజు బంగాళాదుంపల దగ్గర చూసినట్టే. బ్యాగు కింద పెట్టి అందులోంచి పని గ్లవ్స్ తీసి తొడుక్కుంది.

"గేటు దింపు డాడీ."

జార్లత్ సుత్తి గోడ మీద పెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు నేనే వెళ్ళి గేటుకు ఒక చివర పట్టుకున్నాను. ఒర్లా ఆశ్చర్యంగా చూసి రెండో చివర పట్టుకుంది. కీళ్ళ మీద నుంచి పైకి లేపి, ఇద్దరం ఈడ్చుకెళ్ళి మళ్ళీ ఆ నల్ల పట్టా కింద పడేశాం. ఏప్రిల్ కాబట్టి పొద్దు ఇంకా ఉంది.

రాళ్ళు నేను అందించాను, అది పేర్చింది. ప్రతి రాయినీ తీసుకుని ఒకసారి అరచేతిలో తిప్పి చూసేది. దాని ముఖం ఎటో తెలిశాక పెట్టేది. ఇక కదిపేది కాదు. నేనూ ఒకటి పెట్టబోతే ఆపింది.

"అలా కాదు మమ్మీ. రెండు రాళ్ళ సందు మీద ఒక రాయి రావాలి. సందు మీద సందు పడితే గోడ చీలుతుంది."

మోకాలి ఎత్తుకు వచ్చాక అడిగాను, ఇదంతా నీకు ఎప్పటినుంచి తెలుసని.

"మొదటి శుక్రవారం నుంచి. మీ నాన్న పొలం కోసం పంపాడా అని బార్ట్లీ మొహం మీదే అడిగాడు. నాకు తెలీదన్నా. తెలీకపోతే లోపలికి రా, తెలిశాక రావాలో వద్దో నువ్వే చూసుకో అన్నాడు. నాలుగు వారాల్లో తెలిసింది, డాడీ ప్రతి శుక్రవారం ఆ గోడ దగ్గర కాచుకుని, ముసలాడు ఏమన్నాడని అడుగుతుంటే. అప్పుడు బార్ట్లీకి చెప్పేశా. గొర్రెలు చూసుకోవాలి, కాబట్టి వస్తా అన్నా. రమ్మన్నాడు."

"మరి నవంబరులో హద్దుల చుట్టూ నడిచారుగా?"

"గొర్రెలు ఎక్కడెక్కడ దూకుతున్నాయో చూపించాడు. రాళ్ళు జారిన చోట్లు. నువ్వేమనుకున్నావ్?"

"ఏమీ అనుకోలేదు." ఒక పెద్ద రాయి అందించాను. "నాతో ఎందుకు చెప్పలేదు?"

ఒర్లా ఆ రాయిని తిప్పింది. ఒకవైపు నచ్చలేదు, ఇంకోవైపు తిప్పింది.

"నువ్వూ అందులో ఉన్నావనుకున్నా. రొట్టె పట్టుకుని వచ్చావు. తర్వాత పొలం సంగతి అడిగావు."

రాయి పెట్టింది. నేను వంగి ఇంకో రాయి తీశాను. అది బరువుగా ఉంది. అయినా ఒర్లా అందుకునేదాకా పట్టుకునే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నేను కిటికీలోంచి పిల్లను చూస్తున్నాననుకున్నాను. పిల్ల కూడా నన్ను అలాగే అనుమానిస్తూ చూస్తోంది. తల్లికి అంతకంటే శిక్ష ఏం కావాలి? నెత్తిన వేసుకుందామంటే అక్కడ రాళ్ళు ఉండనే ఉన్నాయి. ఏడుపు రాలేదు. సిగ్గు వేసింది.

చీకటి పడేలోపు గోడ పూర్తయింది. కొత్తగా పేర్చిన చోట రాళ్ళ మీద నాచు లేదు. అంతకుమించి తేడా లేదు.

మర్నాడు అందరూ రోడ్డు మీదుగా, బురదలో, చర్చి మలుపు చుట్టూ తిరిగే వచ్చారు. డెక్లన్, ఇమెల్డా అందరికంటే ముందు వచ్చి పైకప్పు దూలాలు పరిశీలించారు. బార్ట్లీ నాన్సీని సమాధి చేసిన రోజున వేసుకున్న సూటు వేసుకున్నాడు. వంటింటి బల్ల మీద కొవ్వొత్తులు వెలిగించి ఫాదర్ పూజ చేశాడు. మేమంతా కుర్చీలకు ఆనుకుని మోకరిల్లాం. తలుపు వెనక నాన్సీ కోటు అందరికీ కనిపించింది.

ఫలహారం దగ్గర బార్ట్లీ స్వయంగా టీ పోశాడు. జార్లత్ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"నిన్న నీ వైపు నుంచి ఇనుము చప్పుడు వినిపించింది జార్లత్."

"అవును." జార్లత్ కప్పులోకి చూశాడు. "ఒక గేటు పెడదామని చూశా."

"కుదిరిందా?"

"లేదు."

"కొన్ని గేట్లంతే." బార్ట్లీ పంచదార గిన్నె ఆయన ముందుకు జరిపాడు. "తింటున్నావా లేదా? నీ పెళ్ళాం ఊరందరికీ సరిపడా మాంసం తెచ్చింది."

చివర్లో ఫాదర్ లేచి, శరత్కాలపు పూజ ఎవరింట అని అడిగాడు. ఎప్పటిలాగే అందరూ తమ బూట్లను కొత్తగా చూసుకున్నారు. మా ఇంట్లో అన్నాను. జార్లత్ నా వైపు చూసి, తర్వాత తలూపాడు. ఆ రోజు నుంచి ఆయన సాయంత్రాలు గోడ దగ్గర నిలబడటం మానేశాడు. రెల్లులో కాలువలు తవ్వడం మొదలుపెట్టాడు. కొట్టం వెనక ఆ గేటు మీద ఇప్పుడు కోళ్ళు పడుకుంటాయి.

మే నెలాఖరున ఆ ఏడాది ఆఖరి శుక్రవారం వచ్చింది. ఒర్లా ఎప్పటిలాగే రోడ్డు మీద నుంచి వచ్చి, రబ్బరు బూట్లు గుమ్మంలో వదిలి, బల్ల దగ్గర కూర్చుంది. జార్లత్ అప్పటికే తింటున్నాడు. నేను టీ పోస్తున్నాను.

"పొలం ఎవరికి ఇవ్వాలో తేల్చేశానని బార్ట్లీ ఇవ్వాళ నాతో చెప్పాడు."

జార్లత్ ఫోర్కు ఆగింది. దాన్ని మెల్లగా కింద పెట్టి, ఆవుల్ని చూసొస్తానని లేచి వెళ్ళిపోయాడు. నాలో మాత్రం మా అమ్మ, వాళ్ళమ్మ, ఆవిడ అమ్మ అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అందరి చేతులూ ఆ పొదిగే కోడి కిందికి సాగాయి. నేను టీ కూజా మూత సరిగ్గా పెట్టాను.

ఒర్లా నా ముఖం చూస్తోంది. దేనికి చూస్తోందో నాకు తెలుసు.

"అడగవా మమ్మీ?"

"టీ చల్లారిపోతోంది. తాగు."

కప్పు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగి, నేను ఏమీ అడగకుండానే, సెప్టెంబరులో మొదటి శుక్రవారం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.